మా కళ మీద చదువుకోవడానికి మాకు అడ్డు ఎందుకు? కేంద్ర సామాజిక న్యాయ శాఖకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర సామాజిక న్యాయం, సాధికారత శాఖ మంత్రి గారికి, నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకం చూసే అధికారులకు,

జై భీమ్.

నేను జనగామ జిల్లాలో, వేషం కట్టి పాడుతూ కథలు ఆడే చిందు కళాకారుల ఇంట్లో పుట్టిన ఆడబిడ్డను. మాదిగలకు మేం ఆశ్రిత కులం. తరతరాలుగా ఆడే హక్కున్న మిరాశి ఊళ్ళకు పోయి చిందు ఆడి, అక్కడి మాదిగలు ఆటకు ప్రతిఫలంగా ఇచ్చే త్యాగం మీద బతికిన కుటుంబాలు మావి. 2023 సెప్టెంబరులో లండన్ వెళ్ళి ఆర్ట్స్ అండ్ కల్చరల్ మేనేజ్‌మెంట్‌లో ఎంఏ చేశాను. ఎస్సీ తదితర కులాల పిల్లలు విదేశంలో చదవడానికి మీరిచ్చే ఈ స్కాలర్‌షిప్‌కు నేను దరఖాస్తు చేయలేదు, బ్యాంకు అప్పు మీద వెళ్ళాను. కాబట్టి నాకేదో రాలేదన్న ఫిర్యాదుతో రాస్తున్న ఉత్తరం కాదిది. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్న మా చిన్నమ్మ బిడ్డ "అక్కా, నేను గూడ నీ లెక్కనే పోతా" అంటోంది. దాని నెత్తిన కూడా అప్పు పడొద్దని మీ పథకం మార్గదర్శకాలు ముందేసుకుని కూర్చున్నాను. ఒక వాక్యం దగ్గరికి వచ్చేసరికి ముందుకు పోలేకపోయాను.

భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద సామాజిక అధ్యయనాలకు సంబంధించిన కోర్సులు, పరిశోధనాంశాలు ఈ పథకం కిందికి రావు అన్నదే ఆ వాక్యం. 2022లో మార్గదర్శకాలను సవరించినప్పుడు చేర్చారు. ఈ విషయాల మీద మన దేశంలోనే కావలసినన్ని వనరులు, నిపుణులు ఉన్నారు, విదేశం పోవాల్సిన పనిలేదు అని అప్పట్లో అధికారులు పత్రికలకు చెప్పారు. ఆ మాట చెడు ఉద్దేశంతో అన్నారని నేను అనుకోవడం లేదు. కానీ మా ఇంటి నుంచి చూస్తే విషయం వేరేగా కనిపిస్తుంది. అది మీకు చెప్పాలి.

మా ఇంట్లో ఒక రేకు పెట్టె ఉంది. అందులో పొణికి కర్రతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు పాత చీరల్లో చుట్టి ఉంటాయి. మూత తీస్తే ముందు కలరా ఉండల వాసన వస్తుంది, దాని వెనకాలే మొహానికి పూసుకునే పచ్చటి రంగు, అర్దళం వాసన. కిరీటం మీద అద్దం బిళ్ళ ఊడిపోయిన చోటల్లా మా నాయిన చాక్లెట్ కాగితాలు అంటించాడు. తాత కాలంలో ఈ పెట్టె ఎడ్లబండి మీద పోయేది, ఇప్పుడు ఆటో మీద పోతోంది. మేళంలో 14 మంది. ఎల్లమ్మ వేషం ఇప్పటికీ నాయినే కడతాడు.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక ఉత్సవానికి మా మేళాన్ని పిలిచారు. పిలిచిన వాళ్ళు నోటిమాటగా ఒక మొత్తం చెప్పారు. రాత్రంతా ఆట ఆడాక, తెల్లారుజామున అందులో సగం చేతిలో పెట్టారు. పూర్తి మొత్తం రాసి ఉన్న రశీదు మీద మాత్రం సంతకం పెట్టమన్నారు. నాయిన మొహానికి, చేతులకు అర్దళం ఇంకా పోలేదు. సంతకం పక్కన కాగితం మీద పచ్చగా వేలి గుర్తు పడింది. ఎందుకు పెట్టినవు నాయినా అని దారి పొడుగునా అడిగాను. "పెట్టకపోతే మళ్ళేడు పిలువరు బిడ్డా" అన్నాడు. నేను బీకాంలో చేరింది ఆ రశీదు వల్లనే. లండన్ దాకా పోయింది కూడా ఆ రశీదు వల్లనే.

ఆర్ట్స్ మేనేజ్‌మెంట్ అంటే ఏంటని నన్ను అందరూ అడిగారు. అప్పు ఇచ్చిన బ్యాంకులో ఆఫీసరు గారు కూడా "మేనేజ్‌మెంట్ అయితే ఎంబీఏ చెయ్యొచ్చు కదమ్మా, ఈ ఆర్ట్స్ ఏంటి మధ్యలో" అన్నారు. కళను తయారుచేసే వాళ్ళకు, చూసే వాళ్ళకు మధ్య ఉండే పని మొత్తాన్నీ నేర్పే చదువు ఇది. ఒక ప్రదర్శనకు బడ్జెట్ వేయడం, ఒప్పందం రాయడం, రికార్డు చేసిన పాట మీద హక్కు ఎవరిదో తేల్చడం, గ్రాంటుకు దరఖాస్తు పెట్టడం, వచ్చిన డబ్బుకు లెక్క చెప్పడం, మ్యూజియంలో ఒక వస్తువు పక్కన ఏం రాయాలో నిర్ణయించడం ఇవన్నీ అందులోవే. ప్రభుత్వాలు కళలకు డబ్బు ఎందుకివ్వాలి, ఎట్లా ఇవ్వాలి అనే విధానాల చదువు కూడా ఉంటుంది.

మొదటి టర్మ్‌లోనే ఒక పాఠం వచ్చింది. బామల్, బోవెన్ అనే ఇద్దరు అమెరికా ఆర్థికవేత్తలు 1966లో చెప్పిన విషయం. ఫ్యాక్టరీలో కొత్త యంత్రం వస్తే పదిమంది పని ఇద్దరు చేస్తారు. కానీ నలుగురు కలిసి వాయించాల్సిన సంగీతాన్ని రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా నలుగురే వాయించాలి, అంతే సేపు వాయించాలి. బయట కూలీలు, జీతాలు పెరుగుతూ పోతుంటే ప్రదర్శన ఖర్చు కూడా పెరుగుతుంది. టికెట్ల డబ్బుతో ఆ లోటు పూడదు. కళాకారులు పనిమంతులు కాకపోవడం వల్ల వచ్చే లోటు కాదది, ఆ పని స్వభావమే అంత. క్లాసులో అందరూ నోట్స్ రాసుకుంటుంటే నేను వేళ్ళ మీద మా మేళాన్ని లెక్కపెట్టుకున్నాను. తాత కాలంలో 14 మంది, ఇప్పుడూ 14 మందే. గోసంగి వేషానికి ఒక మనిషి కావాలి, మద్దెలకు ఒక మనిషి కావాలి, వెనక వంతపాటకు మనుషులు కావాలి. ఎవరినీ తీసేయలేం. మా వాళ్ళంతా ఇన్నేళ్ళూ "కలికాలం, చిందును అడిగేటోడు లేడు" అనుకుంటూ బాధపడ్డారు. మా కష్టానికి పుస్తకాల్లో ఒక పేరు, ఒక లెక్క ఉన్నాయని నాకు ఆ రోజే తెలిసింది. రాత్రి నాయినకు ఫోన్ చేసి అరగంట ఇదే చెప్పాను. అంతా విని, "మరి దానికి మందేంది?" అని అడిగాడు.

మందు కోసమే మిగతా ఏడాదంతా చదివాను. బ్రిటన్‌లో 1946లో ఆర్ట్స్ కౌన్సిల్ పెట్టారు. దాని మొదటి ఛైర్మన్‌గా అనుకున్నది కీన్స్ అనే పెద్ద ఆర్థికవేత్తనే. డబ్బు ప్రభుత్వం ఇస్తుంది, ఏ బృందానికి ఎంత ఇవ్వాలో మాత్రం కౌన్సిల్ తేలుస్తుంది. ఎంపికైన సంస్థలకు ఒక్క ప్రదర్శనకు ఇంత అని కాకుండా కొన్నేళ్ళకు కలిపి ఇస్తారు. వచ్చే ఏడాది కూడా జీతం వస్తుందన్న ధైర్యంతో వాళ్ళు కొత్త ఆట కట్టుకోగలుగుతారు. అందులోనూ లోపాలు ఉన్నాయి. లండన్‌కే ఎక్కువ పోతోందని బయటి ఊళ్ళ వాళ్ళు గట్టిగానే అంటారు. అయినా ఆ పద్ధతిని దగ్గర నుంచి చూసినందుకే మన దగ్గర ఏం ఉంది, ఏం లేదు అన్నది నాకు స్పష్టంగా తెలిసింది.

మన దగ్గర డబ్బు అసలే లేదనడం అబద్ధం అవుతుంది. మన కేంద్ర సాంస్కృతిక శాఖలోనే గురుశిష్య పరంపర పేరుతో కళా బృందాలకు ఇచ్చే రెపర్టరీ గ్రాంట్ ఉంది. గురువుకూ శిష్యులకూ నెలనెలా ఇస్తారు. దానికి పోవాలంటే సొసైటీ రిజిస్టర్ అయి ఉండాలి, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ దర్పణ్ పోర్టల్‌లో నంబరు ఉండాలి, ఆడిట్ అయిన లెక్కలు ఉండాలి. మా మేళాలకు పాట వచ్చు, ఆట వచ్చు, రాత్రంతా వెయ్యి మందిని కూర్చోబెట్టడం వచ్చు. ఆడిట్ లెక్క మాత్రం ఎవరూ నేర్పలేదు. అట్లా మా పేరు మీద ఉన్న డబ్బు మా గడప దాకా రావడం లేదు. ఇక్కడే ఇంకో సంగతి. యునెస్కో అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో కేరళ కూడియాట్టం, ముడియేట్టు ఉన్నాయి, ఛౌ నృత్యం ఉంది, రాజస్థాన్ కాల్బేలియా పాటలు ఆటలు ఉన్నాయి, గుజరాత్ గర్బా ఉంది. తెలుగు నేల పేరు మీద ఒక్క కళ కూడా లేదు. మనకు కళలు తక్కువయ్యా? ఆ జాబితాకు పంపే ఫైలు తయారు చేయడం ఒక పెద్ద పని. చరిత్ర రాయాలి, వీడియో తీయాలి, ఆ కులం వాళ్ళ సమ్మతి తీసుకోవాలి, కాపాడుకునే ప్రణాళిక చూపాలి. ఆ పని నేర్చుకున్న వాళ్ళు మా ఇళ్ళల్లో ఉండాలి కదా.

మీరన్నట్టు మన దేశంలో చదువు లేదా అంటే, ఉంది. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. మా కళల మీద అక్కడ జరిగిన పరిశోధనకు మేం రుణపడి ఉన్నాం. కానీ మేళం ఎట్లా నడవాలి, ఒప్పందం ఎట్లా రాయాలి, వేరే దేశాల్లో ఇట్లాంటి బృందాలు ఎట్లా నిలబడ్డాయి అన్నవి కలిపి నేర్పే చదువు నేను వెతికినప్పుడు మా చుట్టుపక్కల నాకు దొరకలేదు. చిందును ఎట్లా ఆడాలో తెలుసుకోవడానికి లండన్ పోవాల్సిన పని ఎవరికీ లేదు, దానికి మా నాయిన చాలు.

ఇంకో మాట. మన వారసత్వం అంతా మన దేశంలోనే లేదు. లండన్‌లో దిగిన మొదటి ఆదివారం బ్రిటిష్ మ్యూజియంకు పోయాను. ప్రవేశం ఉచితం. 33ఎ గదిలో, గాజు గోడల వెనక మన అమరావతి శిల్పాలు ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే అధికారి తవ్వించినవి, మద్రాసు పోయి, 1859లో లండన్‌కు ఓడెక్కినవి. పల్నాటి తెల్ల సున్నపురాయి. స్తూపం చుట్టూ ఉండే ప్రాకారం మీది ముక్కల్లో, మెలికలు తిరిగిన పొడవాటి పూలదండను భుజాల మీద మోసుకుపోయే మనుషులు ఉన్నారు. బరువుకు ఒకడి మెడ పక్కకు వంగింది. ఆటో దొరకని ఊళ్ళో కిరీటాల పెట్టెను మా పెదనాయిన భుజం మీద మోస్తే ఆయన మెడ కూడా అట్లనే వంగేది. ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాను. పక్కనే ఇద్దరు పిల్లలతో వచ్చిన ఒక తల్లి ఇవి ఎక్కడివి అని వాళ్ళతో మాట్లాడుకుంటుంటే "మా దగ్గరివి" అని చెప్పాను.

విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మన కోరమాండల్ తీరపు కలంకారీ బట్టలు ఉన్నాయి. ఇట్లాంటి వస్తువుల పక్కన ఏం రాయాలి, ఎవరి పేరు చెప్పాలి, తిరిగి ఇవ్వడం గురించి ఎట్లా మాట్లాడాలి అన్న చర్చలు ఆ ఊళ్ళోని క్లాసురూముల్లో రోజూ జరుగుతున్నాయి. నేను కూర్చున్న క్లాసులో కూడా జరిగాయి. ఆ రాళ్ళు చెక్కిన చేతుల, ఆ బట్టలు అద్దిన చేతుల వారసులు అక్కడ కూర్చుని మాట్లాడాలంటే, మీ నిబంధన వాళ్ళ ఫీజు కట్టనంటోంది.

ఈ నిబంధన చదవగానే నాకు బాబాసాహెబ్ గుర్తుకొచ్చారు. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన ఆర్థిక సాయంతో ఆయన న్యూయార్క్ పోయి కొలంబియా యూనివర్సిటీలో చేరారు. 1916 మే 9న అక్కడి సెమినార్‌లో ఆయన చదివిన పత్రం భారతదేశంలోని కులాల గురించే. తర్వాత లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఆయన డాక్టరేట్ మన రూపాయి మీద. బరోడా సంస్థానం ఆ రోజు "మన దేశం సంగతి మన దేశంలోనే చదువుకో" అని ఉంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి. సొంత ఊరి విషయాన్ని దూరం నుంచి చూసే అవకాశం ఎంత విలువైనదో ఆయన జీవితమే చెబుతోంది. 1954-55 నుంచి నడుస్తున్న ఈ పథకం పుట్టిందే ఆయన దారిలో మా పిల్లలు నడవాలని.

మీ పథకంలోని 125 సీట్లలో 115 ఎస్సీలకు, 6 సంచార, విముక్త జాతులకు, 4 భూమిలేని వ్యవసాయ కూలీల, సంప్రదాయ చేతివృత్తుల వాళ్ళ పిల్లలకు ఉన్నాయి. 30 శాతం ఆడపిల్లలకు ఇస్తున్నారు. ఇది మంచి ఆలోచన, నిజంగా. కానీ చేతివృత్తుల ఇంటి పిల్లకు సీటు పెట్టి, ఆ వృత్తి మీద మాత్రం చదవొద్దంటే ఎట్లా? ఎస్సీల్లో చిందు, బైండ్ల, డక్కలి వంటి కులాలకు వారసత్వంగా వచ్చిన ఆస్తి కళ ఒక్కటే. భూములు రాలేదు, దుకాణాలు రాలేదు. ఉన్న ఆ ఒక్క ఆస్తిని ఎట్లా నిలబెట్టుకోవాలో చదువుకుంటామంటే ఆ వాక్యం అడ్డం పడుతోంది. కోర్సు పేరు మేనేజ్‌మెంట్ అని ఉంది కాబట్టి దొరకొచ్చని కొందరు నాతో అన్నారు. దొరికినా సిద్ధాంత వ్యాసం దేని మీద రాయాలి? నేను రాసింది చిందు మేళాల ఆదాయం మీద. రాత్రిళ్ళు వాట్సాప్‌లో నాయినతో, పెదనాయినతో, పక్క మండలాల మేళం పెద్దలతో మాట్లాడి, ఏ ఊళ్ళో త్యాగం ఎంత వచ్చేది, ఎప్పటి నుంచి తగ్గింది అని ఊరూరి లెక్క రాసుకున్నాను. నమ్మి నాకు చెప్పారు వాళ్ళు, ఎందుకంటే నేను వాళ్ళ బిడ్డను. ఆ పని మానేసి మా చెల్లెలు లండన్ ఆర్కెస్ట్రాల మీద రాస్తే ఎవరికి లాభం?

ర్యాంకుల సంగతి కూడా ఒకసారి చూడండి. ప్రపంచ యూనివర్సిటీలకు ర్యాంకులిచ్చే క్యూఎస్ జాబితాలో మొదటి 500 యూనివర్సిటీల్లో సీటు వస్తేనే స్కాలర్‌షిప్ అన్నారు. ఇంజనీరింగ్‌కు, సైన్సుకు అది సరిపోతుంది. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ అనే సంస్థ, ఆర్ట్ అండ్ డిజైన్ విభాగంలో అదే క్యూఎస్ ర్యాంకుల్లో 2015 నుంచి వరుసగా మొదటి స్థానంలో ఉంటూ వచ్చింది. కానీ అది కళలు మాత్రమే నేర్పే సంస్థ కాబట్టి అన్ని సబ్జెక్టులు కలిపి వేసే పెద్ద జాబితాలో దాని పేరే ఉండదు. కళల చదువులకు సబ్జెక్టు ర్యాంకును లెక్కలోకి తీసుకోవచ్చు.

డబ్బు విషయం. బ్రిటన్ పోయే విద్యార్థికి మీరిచ్చే నిర్వహణ భత్యం ఏడాదికి 9,900 పౌండ్లు. నేను పోయిన 2023లో లండన్‌లో చదివే విద్యార్థి వీసా కోసం నెలకు 1,334 చొప్పున 9 నెలలకు 12,006 పౌండ్లు చూపించాల్సి వచ్చింది. అంటే వాళ్ళ ప్రభుత్వం కనీసం ఇంత కావాలన్న దానికంటే మీ ఏడాది భత్యం తక్కువ. ఆ లోటుకు పిల్లలు పనికి పోతారు. స్టూడెంట్ వీసా మీద క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని, స్వయం ఉపాధికి అనుమతి లేదు. మా లాంటి వాళ్ళకు ఇది ఇంకో రకంగా తగులుతుంది. ఒక కమ్యూనిటీ సెంటర్ వాళ్ళు చిందు అడుగులు నేర్పమని, ఒక పూటకు మంచి డబ్బే ఇస్తామని అడిగారు. వీసా మీద ఆ డబ్బు తీసుకోకూడదు. ఊరికే నేర్పి వచ్చాను. ఆ వారం కూడా ఎప్పటిలాగే కేఫ్‌లో గిన్నెలు కడిగి అద్దె కట్టుకున్నాను. విద్య చేతిలో ఉండి కూడా అమ్ముకోలేని ఆ టెన్షన్ మా చెల్లెలికి ఉండొద్దు.

ఇంత ఖర్చు పెట్టి పంపితే అక్కడే ఉండిపోతారన్న భయం మీకు ఉంటే, ఈ చదువు విషయంలో అది అవసరం లేదు. చదువు అయ్యాక రెండేళ్ళు ఉండి పని చేసుకునే గ్రాడ్యుయేట్ వీసా ఉంది. 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసే వాళ్ళకు దాన్ని 18 నెలలకు తగ్గిస్తున్నారు. ఆ తర్వాత ఉద్యోగ వీసాకు మామూలుగా కావలసిన ఏడాది జీతాన్ని 2024 ఏప్రిల్‌లో 38,700 పౌండ్లు చేశారు, 2025 జులైలో 41,700 చేశారు. థియేటర్లలో, మ్యూజియంలలో నేను దరఖాస్తు పెట్టిన ఉద్యోగాల్లో ఒక్కటి కూడా 30 వేలు దాటలేదు. నేను తూర్పు లండన్‌లో ఒక చిన్న థియేటర్ బాక్సాఫీసులో ఏడాది పని చేసి, అప్పులో కొంత తీర్చి ఇంటికి వచ్చాను. రావాలనే వచ్చాను.

ఇప్పుడు మూడు మేళాలకు లెక్కల పుస్తకాలు రాస్తున్నాను. ఒక్క పేజీలో, తెలుగులో ఒక ఒప్పంద పత్రం తయారు చేశాం. ఆట తేదీ, మొత్తం ఎంత, అడ్వాన్స్ సగం, ఛార్జీలు ఎవరివి, వీడియో తీస్తే యూట్యూబ్‌లో పెట్టే ముందు ఎవరిని అడగాలి అని రాసి ఉంటుంది. మొన్న కార్తీక మాసంలో ఒక ఊరి వాళ్ళు పిలవడానికి వస్తే నాయిన ఆ కాగితం వాళ్ళ ముందు పెట్టాడు. పెట్టేటప్పుడు చెయ్యి వణికింది, నేను చూశాను. వాళ్ళు చదివి, ఏమీ అనకుండా సంతకం చేసి అడ్వాన్స్ ఇచ్చి పోయారు. మాకు ఇది చాలా పెద్ద సంగతి. జిల్లాకు ఇట్లాంటి పని చేసే పిల్లలు ఇద్దరు ఉన్నా ఎన్ని మేళాలు నిలబడతాయో నేను లెక్క వేసి చూపించగలను. అవసరమైతే ఢిల్లీ వచ్చి చెబుతాను.

నేను అడిగేవాటిలో మొదటిది, ముఖ్యమైనది, 2022లో చేర్చిన ఆ వాక్యాన్ని తీసేయడం. మొత్తం తీసేయడానికి సమయం పట్టేట్టుంటే, కళాకారుల, చేతివృత్తుల కుటుంబాల నుంచి వచ్చే పిల్లలకైనా వచ్చే నోటిఫికేషన్‌లోపే మినహాయింపు ఇవ్వండి. ర్యాంకు, భత్యం గురించి పైన చెప్పినవి కూడా చూడండి. నిబంధనలు మార్చే ముందు మా కులాల పెద్దలను ఒక్కసారి కూర్చోబెట్టి మాట్లాడండి. వాళ్ళకు ఇంగ్లీషు రాదు, తెలుగు బాగా వచ్చు.

మా చెల్లెలు తన విషయం ఒక తెల్ల కాగితం మీద రాసుకుంది. మాదిగల పుట్టుక కథ అయిన జాంబ పురాణం పాడే మేళాల రికార్డింగుల మీద హక్కులు ఎవరివి, వచ్చే డబ్బు పాడేవాళ్ళకు ఎట్లా చేరాలి అని. ఆ కాగితం నా దగ్గర ఉంది. దరఖాస్తుతో పాటు అది పెట్టొచ్చో లేదో మీ జవాబు వచ్చాకే దానికి చెబుతాను.

ఇట్లు,
ఒక చిందు కళాకారుడి బిడ్డ,
జనగామ జిల్లా, తెలంగాణ